బంసీ వెదురూ గరీ వెదురూ

గాలపు కర్రకు వెదురు ఎంచడంలో ఆ రోజుల్లో రాయ్‌పూర్ రైల్వే కాలనీలో నన్ను మించినవాళ్ళు లేరు. గొప్ప చెప్పుకుంటోందని మీరు అనుకున్నా సరే, ఇది నిజమైన గొప్ప. చేపలు పట్టింది మాత్రం నేను కాదు, మా ఆయన. కర్ర నాది, చేప ఆయనది, పులుసు మళ్ళీ నాది. వీటిలో ఏది కష్టమో వండినవాళ్ళకు తెలుస్తుంది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలు. మా ఆయన ధమ్తరీ వెళ్ళే చిన్న లైను బండికి డ్రైవరు. పెద్ద లైనులో పనిచేసే మా తెలుగువాళ్ళు దాన్ని బొమ్మ రైలని ఎగతాళి చేసేవారు. దారిలో మేక అడ్డొస్తే మేకకే సలాము కొట్టి ఆగుతుందనేవారు. మా ఆయనకు మాత్రం అది కలకత్తా మెయిలుతో సమానం. ఇంజనుకు బొగ్గు అందించే పనిలో చేరి, ఫైర్మనై, చివరికి డ్రైవరైన మనిషి. తలపాగా చుట్టుకుని, మెడకో ఎర్ర గుడ్డ కట్టుకుని ఆ బుల్లి ఇంజను మీద నిలబడితే, అబ్బో, జమీందారు కూడా అంత ఠీవిగా ఉండడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకీ ఆ వేషం చూడటానికి ఏదో ఒక వంకతో గేటు దాకా వెళ్ళేదాన్ని.

ఒక వానాకాలం ఇంజను మెట్టు మీద ఆయన కాలు జారింది. పడటం కుడి చేతి మీద పడ్డారు. మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చూస్తే చెయ్యి చూడటానికి బాగానే ఉంది గానీ దానిలో పట్టు లేదు. నీళ్ళ చెంబు పట్టుకుంటే జారిపోయేది. అన్నం కలిపేవారు గానీ ముద్ద నిలిచేది కాదు. రైల్వే డాక్టరు చూసి, హోలీ వెళ్ళాక మళ్ళీ రమ్మన్నాడు. అప్పటికి పట్టు వస్తే ఇంజను ఎక్కవచ్చు. రాకపోతే ఇక ఈ జన్మకు ఎక్కనివ్వరు, షెడ్డులోనో గేటు దగ్గరో ఏదో ఒక పని చూపిస్తారు. ఆ మాట విని వచ్చిన దగ్గర్నుంచి ఆయన తిండి సగమైంది. పొద్దున్న ధమ్తరీ బండి కూత వినబడే వేళకు పెరట్లోకి పోయి, అక్కర్లేకపోయినా బావిలో నీళ్ళు తోడేవారు, అదీ ఎడం చేత్తో. నాకు ఏడుపొచ్చేది. ఏడిస్తే ఆయనకు కోపం వస్తుందని గిన్నెల మీద విసుక్కునేదాన్ని.

చేతికి పని పెట్టమని డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చాడు, పిసుకుతూ ఉండమని. పసిపిల్లాడిలా బంతితో ఆడుకోమంటాడా అని మా ఆయన దాన్ని మూలకు విసిరేశారు. ఆయన దగ్గర పనిచేసే ఫైర్మను ఖారున్ నది ఒడ్డు పల్లెవాడు. మనిషి మంచివాడు. ఒకనాడు ఇంటికొచ్చి, వాకిట్లో కూచుని, పదండి డ్రైవర్ బాబూ, గరీ ఆడదాం, చేతికీ పని, మనసుకీ పని అన్నాడు. వంటింట్లో ఉన్న నాకు 'గరీ' అన్న మాట ఒక్కటే వినబడింది. ఇంటికొచ్చిన మనిషి నోరు తెరిచి గారెలడిగితే లేదంటామా? వెంటనే మినప్పప్పు నానబోశాను. రుబ్బి, వేయించి, పళ్ళెంలో పెట్టి ఇస్తే అతను కళ్ళు తేలేశాడు. గరీ అంటే వాళ్ళ మాటలో చేపల గాలమట. మా ఆయన చాలా రోజుల తర్వాత నవ్వారు. అందుకని ఆ పొరపాటు మీద నాకు కోపం లేదు.

ఫైర్మను గరీ చిన్నది, చెరువు గట్టున కూచుని చిట్టి చేపలు లాగేది. ఒకటి రెండుసార్లు వెళ్ళేసరికి మా ఆయనకు అది చాల్లేదు. ఖారున్‌లో మహాదేవ్ ఘాట్ దాటాక ఒక లోతైన మడుగుంది. అందులో బొచ్చె చేపలున్నాయి. అవి ఒడ్డుకు రావు, నడి మడుగులోనే తిరుగుతాయి. వాటిని పట్టాలంటే గట్టు మీద నిలబడి ఎరను అంత దూరం విసరాలి. విసరాలంటే పొడుగు కర్ర కావాలి. అంతకు ముందెప్పుడో ఒక బీహారు గార్డు బదిలీ మీద పోతూ దారం చుట్టుకునే ఇత్తడి చక్రం ఒకటి ఆయనకు ఇచ్చి పోయాడు. చక్రంతో పాటు ఒక మాట కూడా ఇచ్చి పోయాడు. గాలపు కర్రను వాళ్ళు 'బంసీ' అంటారట. గరీ అన్నది పల్లెటూరి మాట, అసలు హిందీలో బంసీ అనే అనాలి అని మా ఆయన నాకు పాఠం చెప్పారు. ఆయన హిందీ మీద ఆయనకు బోలెడు నమ్మకం. నాకు అంత నమ్మకం లేదు గానీ అప్పటికి ఊరుకున్నాను.

గోల్‌బజారు దగ్గర బుట్టలూ చేటలూ అల్లే వెదురు పనివాడు ఒకడుండేవాడు. మా ఆయన వాడి దగ్గరకు వెళ్ళి, బంసీకి మంచి వెదురు కావాలి, ఎంత మంచిదైతే అంత మంచిది ఇమ్మన్నారు. వాడు లోపలికి పోయి చాలాసేపు వెతికి ఒకటి తెచ్చి ఇచ్చాడు. దాన్ని భుజాన వేసుకుని ఇంటికి వస్తుంటే కాలనీ అంతా చూసింది. నిజంగా చూడముచ్చటైన వెదురది. నున్నగా, తిన్నగా, మూరెడు దూరానికి ఒక్క కణుపు కూడా లేకుండా, ఈకంత తేలిగ్గా ఉంది. వేలితో తడితే ఖంగుమంది. దానికి ఇత్తడి తీగతో చిన్న చిన్న ఉంగరాలు కట్టి, మొదలు దగ్గర చక్రం బిగించి, ఆదివారం మడుగు దగ్గరకు పోయి ఒక్కటంటే ఒక్క విసురు విసిరారు. అది నిట్టనిలువునా చీలిపోయింది.

ఇంటికొచ్చి వెదురు పనివాణ్ణి తిట్టడం మొదలెట్టారు. ఆడలేక మద్దెల ఓడన్నాడట అని నేను నోరు జారాను. ఆ మాట ఆయన్ను ఎక్కడో గుచ్చింది. ఆయన తన కుడి చెయ్యి వంక చూసుకున్నారు. నా నోటికి తాళం వేసుకోలేకపోయానే అనుకుని, మర్నాడు చీలిన వెదురు పట్టుకుని నేనే బజారుకు బయలుదేరాను. దగా చేశావేమయ్యా అని వాణ్ణి నిలదీశాను. వాడు చీలిన ముక్కను చూసి నాకంటే ఎక్కువ బాధపడ్డాడు.

"తుమన్ బంసీ కహే రహేవ్, బజాయ్ బర్ దే రహేఁవ్. గరీ కహితేవ్ త దూసర్ బాఁస్ దేతేఁవ్" అన్నాడు.

మీరు బంసీ అన్నారు గనక వాయించుకోవడానికి ఇచ్చాను, గరీ అని ఉంటే వేరే వెదురు ఇచ్చేవాణ్ణి కదా అని. ఇక్కడి వాళ్ళకు బంసీ అంటే పిల్లనగ్రోవి. నా మొగుడు చేపలకు వేణుగానం వినిపించే వెదురు కొనుక్కొచ్చాడన్నమాట. పాపం వాడు పిల్లనగ్రోవులకు దాచుకున్న దానిలో మేలైనదే ఇచ్చాడు. రోడ్డు మీదే నాకు నవ్వు ఆగలేదు. గరీ, గరీ అని రెండుసార్లు గట్టిగా చెప్పి, వాడు తీసిన మూడు వెదుళ్ళూ ఇంటికి మోయించుకొచ్చాను, చూసి మంచిది ఉంచుకుని మిగతావి తిరిగిస్తానని ఒప్పించి.

నాకు వెదురు సంగతి ఎలా తెలుసంటే, మా తాత ఉప్పు కావడి మోసేవాడు. నౌపడ ఉప్పుకొటార్ల నుంచి మెట్ట ఊళ్ళకు ఉప్పు మోసి అమ్మేవాడు. కావడి బద్దను ఎంచుకోవడం పిల్లను చూసుకోవడం కంటే కష్టం అనేవాడు. బిగుసుకున్న బద్ద బరువంతా భుజం మీద వేస్తుంది. మెత్తని బద్ద ఒకచోట కుంగి మనిషిని ఈడుస్తుంది. మంచి బద్ద అడుగుతో పాటు పైకీ కిందికీ ఊగి, అడుగు పడే లోపల బరువును అదే ఎత్తుకుంటుంది. మా తాత నడుస్తుంటే ఉప్పు బుట్టలు ఆయన్ను మోసుకుపోతున్నాయా అనిపించేది. గాలపు కర్రయినా కావడి బద్దయినా వెదురు వెదురే అనుకున్నాను.

మూడు వెదుళ్ళనూ నేను పరీక్ష చేసిన తీరు చూసి పక్కింటివాళ్ళు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. వెదురు మొదలును రుబ్బురోలు కింద ఇరికించి, కొనకు నీళ్ళ చెంబు కట్టి, అది గోడ పక్కన ఎలా వంగిందో ఆ వంపు వెంట బొగ్గుతో గోడ మీద గీత గీశాను. సున్నం వేసిన రైల్వే గోడ. తనిఖీకి వచ్చేవాళ్ళు చూస్తే ఏమంటారని మా ఆయన గోల. అననివ్వండి, నాలుగు చీవాట్లే కదా అన్నాను.

మొదటిది లాఠీలు చేసే నిండు వెదురు. లోపల బొరియ లేదు, బంగారం రంగు, చేత్తో పట్టుకుంటేనే దర్జా. చెంబు కడితే కొన కాస్త తల వంచింది, అంతే. గోడ మీద గీత దాదాపు తిన్నగా వచ్చింది. రెండోది ఇంటి కప్పులకు వేసే లావు వెదురు, బోలు. చెంబు కట్టగానే నడుము దగ్గర ఒక్కచోటే మడతపడ్డట్టు కుంగింది. ఇక మూడోది. దాన్ని చూస్తే ఎవరూ ముట్టుకోరు. వాడి పొయ్యి మీద అటకలో ఎన్నాళ్ళున్నదో, పొగకు నల్లబడి, దగ్గర దగ్గర కణుపులతో, వేలెడు సందుకో వంకరతో ఉంది. దానికి చెంబు కట్టాను. కొన దగ్గర మొదలై, కణుపు తర్వాత కణుపు, ఒకదానికొకటి చెప్పుకున్నట్టు, వంపు మొదలు దాకా వచ్చింది. చెంబు విప్పితే తిన్నగా లేచి, రెండుసార్లు ఊగి, నిలిచిపోయింది. మిగతా రెండింటి కొనలూ చెంబు విప్పాక చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి. గోడ మీద దాని గీత ఎంత అందంగా ఉందంటే, దాన్ని తుడవబుద్ధి కాలేదు. మా తాత భుజం మీది బద్ద నా కళ్ళ ముందు కదిలింది. నాకు మనసు నిండిపోయింది.

నేను మూడోది అన్నాను. మా ఆయన మొదటిది అన్నారు. దాంతో పడింది మా ఇద్దరికీ. నాకు కావలసింది చేప. ఆయనకు కావలసింది చెయ్యి. మెత్తని కర్ర పట్టుకుంటే చెయ్యి సోమరిదవుతుంది, గట్టి కర్రతో పోరాడితేనే పట్టు వస్తుంది, హోలీ ముంచుకొస్తోంది అన్నారు. నల్ల వెదురును అటక మీద పెట్టేశాను. ఆయన నిండు వెదురుకు చక్రం బిగించుకున్నారు.

చలికాలమంతా ఆ కర్రతో మడుగు దగ్గరకు తిరిగారు. తవుడూ తెలగపిండీ ఇప్పపూలూ కలిపి నేను ఎర ముద్దలు చేసి ఇచ్చేదాన్ని. ఆ వాసనకు చేపలు రాకపోతే చేపలదే తప్పు. వచ్చేవి కూడా. కానీ చేప లాగితే ఆ కర్ర వంగేది కాదు. ఆ బరువంతా తిన్నగా మణికట్టు మీదికే వచ్చేది. ఒకసారి దారం తెగేది, ఒకసారి కర్రే చేతిలోంచి జారేది. మణికట్టు వాచి ఇంటికొచ్చేవారు. వేడి నీళ్ళలో ఉప్పు వేసి, అందులో చెయ్యి పెట్టుకుని కూచునేవారు. పేరు గొప్ప ఊరు దిబ్బ, ఆ బంగారు కర్రను పొయ్యిలో పెట్టేద్దామా అని ఎన్నిసార్లు అనిపించిందో.

ఆఖరికి ఒకరోజు ఆయన నిద్రపోతుండగా నల్ల వెదురును కిందికి దించి, బజారుకు తీసుకుపోయి, వెదురు పనివాడి చేత వంకరలు తీయించాను. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ, ఆ సామెత చెప్పినవాళ్ళు వెదురు పనివాడి నిప్పుల కుంపటి చూసి ఉండరు. వాడు ఒక్కొక్క కణుపునూ సెగ మీద తిప్పుతూ, నూనె గుడ్డతో పాముతూ, మోకాలితో అదిమి తిన్నగా చేశాడు. ఇంటికొచ్చి ఉంగరాలు నేనే కట్టాను. చక్రం మార్చి, మర్నాడు పొద్దున్న ఆయన చేతికి ఇచ్చాను. ఆయన నా వంక చూసి, కర్ర వంక చూసి, తీసుకున్నారు. అప్పటికి ఆయన బాగా అలిసిపోయి ఉన్నారు.

హోలీ ముందు ఆదివారం నేను కూడా అన్నం మూట కట్టుకుని మడుగు దగ్గరకు వెళ్ళాను. ఫైర్మను కూడా వచ్చాడు. ఎండ ఇంకా ముదరలేదు. మా ఆయన గట్టు మీద కాళ్ళు ఎడంగా పెట్టి, కర్రను భుజం మీదుగా వెనక్కి తీసుకెళ్ళి విసిరితే, ఎర గాలిలో పోయి పోయి నడి మడుగులో పడింది. అంత సుఖంగా పడటం అదివరకు చూడలేదు. కాసేపటికి దారం బిగుసుకుంది. నల్ల వెదురు వంగింది. గోడ మీద నేను గీసిన గీత ఆకాశంలో కనిపించింది. చేప అటు పరుగెత్తితే వెదురు ఇంకా వంగేది, అలిసి ఆగితే వెదురు మెల్లగా లేచి దాన్ని ఇటు తెచ్చేది. మా ఆయన కర్ర మొదలును ముంజేతికి ఆనించుకుని, ఎడం చేత్తో చక్రం తిప్పుతూ, తొందర లేకుండా నిలబడ్డారు. ఇంజను మీద నిలబడే ఠీవి మళ్ళీ వచ్చింది. నేను అన్నం మూట కింద పెట్టేసి ఆయన్నే చూస్తున్నాను. ఫైర్మను నడుము లోతు నీళ్ళలోకి దిగి చేపను రెండు చేతులా ఎత్తుకొచ్చాడు. బొచ్చె. తలకాయ ఒక్కటే మా పెద్ద గిన్నెకు సరిపోయింది.

ఆ చేప కథ కాలనీలో గోరంత నుంచి కొండంత కావడానికి ఒక పూట పట్టింది. వచ్చినవాళ్ళందరికీ ముక్కలు పంచాను, డాక్టరు ఇంటికి కూడా పంపాను. అంత చేపను లాగిన చెయ్యికి ఇంకేం రోగం అని అందరూ ఒకటే మాట. నేనూ అదే అనుకున్నాను. ఎర్ర గుడ్డ ఉతికి ఆరేశాను. మా ఆయన మాత్రం ఆ రోజు నుంచి ఏదో ఆలోచనలో పడ్డారు. సంతోషం పట్టలేక అలా ఉన్నారనుకున్నాను.

హోలీ వెళ్ళాక డాక్టరు దగ్గరకు వెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, గడప మీద కూచున్నారు. ఇంజను ఎప్పుడెక్కాలన్నారు అని అడిగాను. ఎక్కడం లేదు అన్నారు. డాక్టరు మీద నాకు ఒళ్ళు మండిపోయింది. చేప ముక్క తిన్న నోటితోనే వద్దన్నాడా అన్నాను. అప్పుడు జరిగింది చెప్పారు. డాక్టరు ఆయన్ను చూడగానే నవ్వి, బొచ్చెను లాగినవాడికి పరీక్ష ఎందుకయ్యా అని కలం తీశాడట. ఈయనే ఆపారట. సాబ్, ఒకసారి మీ రెండు వేళ్ళు నా చేతిలో పెట్టండి, నేను బలంకొద్దీ పట్టుకుంటాను, మీరు లాగండి అన్నారట. డాక్టరు లాగాడు. వేళ్ళు ఊడి వచ్చేశాయి. కలం మూతపెట్టి, షెడ్డులో ఇంజన్లు చూసే పనికి రాశాడట.

నాకు తిక్క రేగింది.

"మీరు చెప్పకపోతే ఎవుడికి తెలుస్తాదండి? సహీ చేయించుకుని వచ్చేస్తే అయిపోయేది కదా" అన్నాను.

ఆయన గొంతు పెంచలేదు.

"వాపు చూసి బలుపంటే ఎలాగే? చేపని నాను లాగినానేటి? నీ వెదురు లాగింది. అది ఒంగింది గనక బరువు నా చెయ్యి దాకా రానేదు. ఇంజిను నాకోసం ఒంగదు కదే. ఎనక పెట్టెల నిండా మనుషులుంటారు."

వెదురు మంచిదని పొంగిపోయానే గానీ, దాని మంచితనం ఆయన చేతి సంగతిని కప్పేస్తోందని నాకు తట్టనే లేదు. గట్టు మీద నిలబడ్డ ఆ క్షణంలోనే ఆయనకు తెలిసిపోయింది. తెలిసి, ఊరంతా మెచ్చుకుంటుంటే విని, ఇన్నాళ్ళు ఏ సంతకం కోసం ఎదురుచూశారో ఆ సంతకం పెట్టబోతున్న కలాన్ని తానే ఆపారు. ధమ్తరీ బండిలో కూరగాయల గంపలతో ఎక్కే ముసలమ్మలకు ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. ఇంజను మీద తలపాగాతో చూసినప్పుడు కూడా ఆయన నాకు అంత పెద్దగా కనిపించలేదు.

వెళ్ళి పక్కన కూచున్నాను. నా రెండు వేళ్ళు ఆయన కుడి చేతిలో పెట్టి, పట్టుకోండి అన్నాను. ఆయన పట్టుకున్నారు. మెడ నరాలు ఉబ్బేలా, కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి పట్టుకున్నారు. నేను లాగాను. వేళ్ళు వచ్చేశాయి. మళ్ళీ తీసుకెళ్ళి అదే చేతిలో పెట్టి, ఈసారి లాగకుండా కూచున్నాను.